మేడమీద కుసుమకుమారి

టెక్కలి మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే ఉమాశంకర్‌కి పెళ్ళయిన కొత్తలోనే ఒక సంగతి అర్థమైపోయింది. ఇకమీదట తాను మాట్లాడవలసిన అవసరం పెద్దగా ఉండదు. ఆ పని భార్య చూసుకుంటుంది.

భార్య పేరు కుసుమకుమారి. పుట్టిల్లు విజయనగరం. తండ్రి సీతారామారావుకి గంటస్తంభం దగ్గర కిరాణా కొట్టు ఉండేది. చిన్నప్పుడు బడి వదలగానే పుస్తకాల సంచీ బియ్యం బస్తాల మీద పడేసి, గల్లాపెట్టె పక్కన స్టూలెక్కి కూర్చునేది. కందిపప్పు కోసం వచ్చినవాళ్ళ చేత బెల్లం, చింతపండు కూడా కొనిపించి, వాళ్ళింట్లో ఎవరికి జ్వరం తగ్గిందో ఎవరికి సంబంధం కుదిరిందో కనుక్కుని మరీ పంపించేది. "ఇది ఆడపిల్ల కాదు, ఆకాశవాణి" అని తండ్రి మురిసిపోయేవాడు.

అలాంటి మనిషి ఒకసారి మూగబోయింది. బీకాం పాసై బ్యాంకు పరీక్ష రాసి నెగ్గితే, ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పైడితల్లి అమ్మవారికి దండం పెట్టుకుని, పిన్ని చీర కట్టుకుని వెళ్ళింది. చల్లటి గదిలో పొడుగాటి బల్ల అవతల ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో పెద్దమనిషి కళ్ళజోడు పైనుంచి చూస్తూ, మీ గురించి చెప్పండి అని ఇంగ్లీషులో అడిగాడు. కుసుమకుమారి తన పేరు చెప్పింది. ఆ తరువాత ఏం చెప్పాలో తోచలేదు. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. ఆయన కాస్త ఆగి, రెండో ప్రశ్న అడిగాడు. దానికి జవాబు ఆమెకి తెలుసు. అయినా గొంతు దాటి రాలేదు. "సరేనమ్మా, వెళ్ళిరండి" అన్నారు.

ఇంటికొచ్చి భోరుమంది. "జవాబులన్నీ వచ్చు నాన్నా. నోట్లోంచి రాలేదు."

"పోనీలేమ్మా. మన కొట్టు ఎక్కడికి పోతాది?" అన్నాడు సీతారామారావు.

ఆయన ప్రేమగానే అన్నాడు. కానీ ఆ 'పోనీలే' అనే మాట కుసుమకుమారికి ముల్లులా గుచ్చుకుంది. వాళ్ళ వీధి మొత్తం మీద ఇంటర్వ్యూ అనేది చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక్కరంటే ఒక్కరు, అలా ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి ముందుగా ఓసారి అడిగి ఉంటే తాను చెప్పగలిగేదే కదా అని చాలా ఏళ్ళు అనుకుంటూ ఉండేది. తరువాత పెళ్ళయింది, టెక్కలి వచ్చింది, ఇద్దరు పిల్లలు పుట్టి పెరిగారు. గిన్నెలూ బిందెలూ అమ్ముతూ, వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతూ కాలం గడిపేసింది. దుఃఖపడుతూ మాత్రం కాదు. దుఃఖపడటానికి ఆవిడకి తీరిక ఉండేది కాదు.

ఒక వేసవి పొద్దున భావనపాడు నుంచి అమ్మడు అనే ముసలామె కొట్టుకి వచ్చింది. ఊరూరా తిరిగి చేపలమ్మే మనిషి. పాత సిలవరి బేసిను అడుగు చిల్లిపడి చేపనీళ్ళు మెడ మీద కారుతున్నాయట, కొత్తది కావాలట. వెంట మనవరాలు దేవి ఉంది. ముసలామె బేసిన్లన్నీ బోర్లించి వేళ్ళతో కొట్టి చూస్తోంది. పిల్ల మాత్రం గుమ్మం పక్కన గోడకి అతుక్కుని నిలబడింది.

"ఏటమ్మడూ, మీ గుంట అలా ఉన్నాదేటి? ఒంట్లో బాలేదా?" అని అడిగింది కుసుమకుమారి.

"ఒంటికేటమ్మా, దుక్కలాగుంది. నిన్న ఉద్యోగానికి పిలిత్తే ఇశాపట్నం ఎల్లినాది. రొయ్యల కంపినీ. ఆలు ఏటో అడిగినారట, ఇది నోరిప్పనేదట. ఇంటికాడ సూడాల నువ్వు, మా అందరి నోళ్ళూ మూయించేత్తాది! ఎచ్చెర్లలో పెద్ద సదువు సదివినాది సావుకారమ్మా. ఏటి లాబం?"

కుసుమకుమారి చేతిలో ఉన్న బేసిను కింద పెట్టేసింది. దేవి దగ్గరికి వెళ్ళి, "ఏం అడిగారమ్మా?" అంది మెల్లగా.

"నీ గురించి సెప్పు అన్నారండి." దేవి తల ఎత్తలేదు. "నా గురించి సెప్పడానికి ఏటున్నాది?"

ఆ మాట వినగానే కుసుమకుమారికి ఎన్నో ఏళ్ళ కిందటి చల్లటి గది కళ్ళ ముందుకు వచ్చింది. ఆవిడ వెనక్కి తిరిగి, "ఏవండీ, ఇలా రండి. మీరు ఇప్పుడు పెద్ద ఆఫీసరు" అంది.

అటక మీంచి గిన్నెలు దింపుతున్న ఉమాశంకర్ కంగారుపడ్డాడు. "నాకేటి తెలుసే ఆఫీసరు పని?"

"తెలియకపోయినా ఫరవాలేదు. కుర్చీలో కూర్చుని మొహం గంభీరంగా పెట్టండి. ఆ అమ్మాయిని ఏదైనా అడగండి."

ఆయన కూర్చున్నాడు. మొహం గంభీరంగా పెట్టడం ఆయనకి ఎలాగూ వచ్చు. చాలాసేపు ఆలోచించి, "చేప తాజాదో కుళ్ళిందో ఎలా తెలుస్తాదమ్మా? మేం శాకాహారులం. మాకైతే రెండూ ఒకటే కంపు" అన్నాడు.

దేవి చటుక్కున తల ఎత్తింది. "ఒకటే కంపేటండీ! తాజా సేపకి కంపే ఉండదు. సముద్రం వాసనొత్తాది, అంతే" అని మొదలుపెట్టింది. మొప్ప ఎత్తి చూస్తే లోపల ఎలా ఉండాలో, కన్ను ఎప్పుడు లోపలికి పోతుందో, వేలితో నొక్కితే కండ ఎందుకు మళ్ళీ పైకి లేస్తుందో చెప్పింది. తాత తెచ్చిన చేపని నాయనమ్మ ఎలా చూసేదో చెప్పి, చేప కుళ్ళడానికి కారణమైన క్రిముల పేర్లు కాలేజీలో నేర్చుకున్నవి ఇంగ్లీషులో చెప్పింది. ఐసు పెట్టడంలో మనవాళ్ళు చేసే పొరపాటు చెప్పింది. బిందె కొనడానికి వచ్చిన ఇంకొకావిడ బేరం మానేసి వింటూ నిలబడింది.

"అదేనమ్మా! అదే నీ గురించి!" అని కుసుమకుమారి చప్పట్లు కొట్టింది.

ఆ రోజు నుంచి వారం పాటు దేవి రోజూ టెక్కలి వచ్చింది. కుసుమకుమారి ఆమెని తలుపు తోసుకుని లోపలికి రావడం దగ్గర్నుంచి నేర్పింది. కూర్చోమనకముందే కూర్చోకూడదనీ, కూర్చోమన్నాక అంచున కూర్చోకూడదనీ చెప్పింది. ఆఫీసరుగా ఉమాశంకర్ రోజుకో చొక్కా వేసుకుని వచ్చాడు. ఒకరోజు మధ్యాహ్నం భోజనం తరువాత ప్రశ్న అడిగి నిద్రపోయాడు. "అయినా ఆపకు, నిజం ఆఫీసర్లు కూడా నిద్రపోతారు" అంది కుసుమకుమారి.

ఇంకా మనుషులు చాలక రొయ్యల కంపెనీవాళ్ళు మళ్ళీ పిలిచారు. దేవికి ల్యాబులో ఉద్యోగం వచ్చింది.

అప్పుడు అసలు గొడవ మొదలైంది. ఉద్యోగం విశాఖ అవతల. అక్కడే హాస్టల్లో ఉండాలి. దేవి తండ్రి నూకయ్య ఒప్పుకోలేదు. కుసుమకుమారి ఆటో ఎక్కి భావనపాడు వెళ్ళింది. నూకయ్య ఒడ్డున బోటు నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆవిడ ఇసుకలోనే చతికిలబడి మొదలుపెట్టింది. చదువు విలువ చెప్పింది, ఆడపిల్ల ధైర్యం గురించి చెప్పింది, ఊరుగాని ఊళ్ళో ఉంటున్న తన కూతురు ఉదాహరణ చెప్పింది, చివరికి తన ఇంటర్వ్యూ కథ కూడా చెప్పింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, నూకయ్య దగ్గర ఆ సామెత పనిచేయలేదు. వల మీంచి చూపు తిప్పలేదు.

అంతా అయ్యాక, "మీరు బాగా సెప్పినారమ్మా. నా గుంటని మాత్రం అంపను" అన్నాడు.

ఇంతలో చేపలమ్ముకుని తిరిగి వస్తున్న అమ్మడు ఖాళీ బేసిను ఇసుకలో దింపింది. "ఏటంతన్నావురా?"

"ఆడగుంట ఒక్కర్తీ ఊరుగాని ఊర్ల ఎలగుంతాదే అమ్మా?"

"నాను ఊరుగాని ఊర్లు తిరక్కపోతే నువ్వేటి తిని పెరిగినావురా? టెక్కలి సంతకి తెల్లారేతలికి ఒక్కదాన్నే ఎల్లినప్పుడు నువ్వు నా కడుపుల ఉన్నావు. అప్పుడు నీకు భయం ఎయ్యనేదా?" అంది ముసలామె. "అంత భయముంటే ఎల్లి ఆ హాస్టలేటో సూసి రా. ఊరికే వల ముందేసుకుని ఊరకుక్కలాగ గుర్రుమనకు."

నూకయ్య నిజంగానే వెళ్ళాడు. కూతురితో, కుసుమకుమారితో కలిసి రైలెక్కాడు. ఎందుకైనా మంచిదని ఎండునెత్తళ్ళ చేపల మూట చంకలో పెట్టుకున్నాడు. హాస్టల్లో తలుపుల గడియలన్నీ వేసి తీసి చూశాడు, కుళాయి తిప్పి చూశాడు, మేడ మీద నీళ్ళ ట్యాంకు ఎక్కి మరీ చూశాడు. వంటావిడ ఇచ్ఛాపురం వైపు మనిషని తెలిసి, మూట ఆవిడ చేతిలో పెట్టి, "మా గుంటకి ఆదివారం ఏపి ఎట్టమ్మా" అన్నాడు. తిరుగు ప్రయాణంలో విజయనగరం దాకా మాట్లాడలేదు. ఆ తరువాత, "ట్యాంకు బాగా కడుగుతన్నార్లే" అన్నాడు. అది ఒప్పుకోవడమని కుసుమకుమారికి అర్థమైంది.

ఒక పిల్లకి ఉద్యోగం వచ్చిందంటే ఊరు ఊరుకుంటుందా? భావనపాడు నుంచి మరి ముగ్గురు వచ్చారు. నౌపడా ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళ పిల్లలు వచ్చారు. కొట్లో చోటు చాలక, పైన ఉన్న గోడౌను ఖాళీ చేయించి కుర్చీలు వేశారు. కొన్నాళ్ళకి తెలిసిన ఆడిటరు ఒకాయన, ఇంత పని చేస్తున్నప్పుడు పద్ధతిగా సంస్థ పెట్టుకోవాలి కదా అని, 'ఉత్తరాంధ్ర యువతీ వృత్తి వికాస సేవా సంఘం' అని రిజిస్టరు చేయించాడు. ఆ పేరు గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో లేరు. అందరూ 'మేడమీద' అనేవాళ్ళు. "ఎక్కడికెల్తన్నావే?" అంటే "మేడమీదకి" అంటే చాలు, టెక్కలిలో ఆటోవాళ్ళకి కూడా తెలిసిపోయేది.

ఏళ్ళు గడిచాయి. మేడమీదనుంచి వెళ్ళిన పిల్లలు ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, మందుల కంపెనీల్లో చేరారు. ఒకమ్మాయి నౌకాశ్రయంలో క్రేను నడుపుతోంది. ఆ సంగతి తలుచుకుంటే కుసుమకుమారికి ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది. ఉద్యోగాలు ఇప్పించి వదిలేసేది కాదు. మొదటి జీతం రాగానే సొంత ఖాతాలో వేసుకున్నారా లేదా, పై అధికారి పద్ధతిగా ఉంటున్నాడా లేదా, ప్రమోషను ఎందుకు అడగలేదు అని ఆదివారాలు ఫోన్లు చేసి ఆరా తీసేది.

అయితే ఒక చిక్కు వచ్చింది. అన్నీ ఆవిడే మాట్లాడేది.

ఇంటర్వ్యూ అభ్యాసంలో పిల్ల ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, కుసుమకుమారి అందుకుని జవాబు చెప్పేసేది. కంపెనీవాళ్ళు వస్తే పిల్లల తరఫున తానే వర్ణించేది. పిల్లలు ఆవిడ వాక్యాలనే చిలకల్లా వల్లించడం మొదలుపెట్టారు. "కష్టపడే తత్వం మా రక్తంలోనే ఉంది సార్" అని ఒకే రోజు ఒకే కంపెనీలో నలుగురు పిల్లలు చెప్పారని ఎవరో నవ్వుతూ చెబితే కూడా, "మంచి వాక్యమే కదా" అంది.

ఈ సంగతి మొదట పట్టుకున్నది బిందు. రామతీర్థం దగ్గర పల్లెనుంచి వచ్చిన పిల్ల. సోషల్ వర్క్ చదువుకుని, మేడమీద పనులు చూసుకోవడానికి చేరింది. సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. ఏదైనా చెప్పబోతే సగంలోనే కుసుమకుమారి అందుకునేది.

"మేడం, కంపెనీలోళ్ళని ఇక్కడికే పిలుద్దాం. మన పాత పిల్లలు ఉన్నారు కదండీ, ఆల్లనే..."

"పిలుద్దాంలే బిందూ. నేను మాట్లాడతాను. వాళ్ళకి ఏం చెప్పాలంటే..." అని మొదలయ్యేది. బిందు వాక్యంలో రెండో సగం ఎప్పుడూ గాలిలోనే ఉండిపోయేది.

అయినా బిందు పట్టు వదల్లేదు. ఉత్తరాలు, ఫోన్లు నడిపి, మూడు కంపెనీలవాళ్ళని ఒకే రోజున మేడమీదకి రప్పించడానికి ఒప్పించింది. అందులో ఒక కంపెనీ తరఫున రాబోయేది ఎవరో కాదు, దేవి. అప్పటికి ఆమె రొయ్యల కంపెనీలో నాణ్యత విభాగానికి పెద్ద.

సరిగ్గా ఆ ముందు వారంలో కుసుమకుమారి గొంతు పోయింది.

కొన్ని నెలలుగా బొంగురుగానే ఉంది. మిరియాల కషాయం తాగుతూ, లవంగం బుగ్గన పెట్టుకుంటూ నెట్టుకొచ్చింది. ఒకరోజు ఉదయం లేచి, "ఏవండీ, పాలు పొంగుతున్నాయి" అనబోతే ఈల వేసినట్టు శబ్దం వచ్చింది. ఉమాశంకర్ కుక్కరనుకుని వంటింట్లోకి పరిగెత్తాడు. శ్రీకాకుళంలో డాక్టర్ సుహాసిని గొంతులోకి గొట్టం పెట్టి చూసి, స్వరపేటిక మీద కాయలు కాశాయని చెప్పింది.

"నెలరోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దండి, అవి ఇంకా చెడ్డవి. మాట్లాడితే ఆపరేషనే."

కుసుమకుమారి ఏదో అడగబోయింది. డాక్టరు వేలు చూపించి ఆపింది. ఉమాశంకర్ కిటికీ వైపు తిరిగాడు. ఆయన భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడేమోనని నర్సు ఓదార్చబోయింది. ఆయన నవ్వాపుకుంటున్నాడని కుసుమకుమారికి తెలుసు. బస్సులో టెక్కలి దాకా ఆయన వైపు చూడలేదు.

బజారులో సంగతి గుప్పుమంది. పక్క కొట్ల వర్తకులు వరసగా వచ్చి ఉమాశంకర్‌ని పరామర్శించారు. వాళ్ళలో ఒకరిద్దరు చేతులు కలిపి అభినందించారు కూడా. కుసుమకుమారి మెడలో పలక వేలాడేసుకుని, సుద్దముక్కతో అందరికీ సమాధానాలు రాసింది. సాయంత్రానికి చీర నిండా సుద్దపొడి.

మేడ ఎక్కగానే పలక మీద పెద్దక్షరాలతో రాసింది: "కంపెనీలవాళ్ళని వచ్చే నెల రమ్మను."

బిందు ఆ పలక చదివింది. ఎవరూ మధ్యలో అందుకోలేదు కాబట్టి, మొట్టమొదటిసారి ఆమె వాక్యం పూర్తిగా చెప్పింది.

"వద్దు మేడం. ఆల్లు మళ్ళీ వస్తారని నమ్మకం లేదండి. పిల్లలు తయారుగా ఉన్నారు. నాను చూసుకుంటాను. మీరు వచ్చి వెనక కూకోండి, సాలు."

కుసుమకుమారి పలక తుడిచి ఏదో రాసింది. మళ్ళీ తుడిచింది. మళ్ళీ రాసింది. చివరికి సుద్దముక్క విరిగింది. "సరే" అని రాయడానికి సరిపోయే ముక్కే చేతిలో మిగిలింది.

కంపెనీలవాళ్ళు వచ్చిన రోజు మేడమీద నిండిపోయింది. పిల్లలే కుర్చీలు వేశారు, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందించారు, ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్ళాలో చూసుకున్నారు. ఒకచోట గాజుల చప్పుడు, ఒకచోట వల్లెవేత, మెట్ల మీద ఒక పిల్ల వాంతి వస్తోందని కూర్చుంటే ఇంకో పిల్ల వీపు రాస్తోంది. దేవి కారు దిగి మెట్లెక్కి వచ్చింది. భుజాన సంచీ, చేతిలో గొడుగు. వస్తూనే కుసుమకుమారి కాళ్ళకి దండం పెట్టి, "పిన్నీ, మీరు మాటాడకుండా ఉన్నారంటే మా నాన్న నమ్మనేదు. ఫోటో తియ్యమన్నాడు" అని నవ్వింది. ఆ వెంటనే బల్ల అవతల కుర్చీలో కూర్చుని, మొహం గంభీరంగా పెట్టింది. అచ్చం ఉమాశంకర్ పెట్టినట్టే.

కుసుమకుమారి గోడ పక్కన కూర్చుంది. మొదటి ఇద్దరు పిల్లలూ బాగానే చెప్పారు. మూడో పిల్ల నీలవేణి. నౌపడా అమ్మాయి, తల్లిదండ్రులు ఉప్పుమళ్ళలో కూలీలు. దేవి ఆమెని ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగింది. కాస్త మెలికల ప్రశ్న. నీలవేణి నోరు తెరిచి, మూసింది. చేతివేళ్ళు చున్నీ అంచుని మెలిపెడుతున్నాయి.

కింద కొట్లో ఎవరో గిన్నె కింద పడేస్తే అది దొర్లిన చప్పుడు పైకి వినిపించింది. కుసుమకుమారి కళ్ళకి ఆ కుర్చీలో ఉన్నది నీలవేణి కాదు, పిన్ని చీర కట్టుకున్న తానే. జవాబు ఆవిడకి తెలుసు. పలక మీద రాసి చూపించేద్దామని సుద్దముక్క తీసింది. పక్కన నిలబడ్డ బిందు వంగి, మెల్లగా, ఎంతో మర్యాదగా పలక తీసేసుకుని వెనకాల దాచేసింది. కుసుమకుమారి కళ్ళెర్రజేసింది. బిందు తల అడ్డంగా ఊపింది.

దేవి తొందరపెట్టలేదు. ఎదురుచూసింది.

నీలవేణి ఊపిరి పీల్చుకుని, తెలుగులో అంది: "మేడం, ఈ ప్రశ్న నాకు అర్థం కానేదు. అర్థమైనట్టు ఏటో ఒకటి సెప్పడం నాకిష్టం లేదు. ఇంకోసారి తెలుగుల అడుగుతారా?"

అలాంటి వాక్యం కుసుమకుమారి ఏ పిల్లకీ, ఏనాడూ నేర్పలేదు. అర్థం కాలేదని చెప్పవచ్చని ఆవిడకే తోచలేదు. ఆ ముగ్గురి ముందు ఆవేళ తానూ ఇంతే అనగలిగి ఉంటే! దేవి మళ్ళీ అడిగింది. నీలవేణి చెప్పింది. కొంత సరిగ్గా, కొంత తప్పుగా, కానీ మొత్తం తన మాటల్లోనే చెప్పింది.

మధ్యాహ్నం ఎంపికలు తేలాయి. దేవి తీసుకున్న పిల్లల్లో నీలవేణి లేదు.

కుసుమకుమారికి కోపం నషాళానికెక్కింది. బిందు చేతిలోంచి పలక లాక్కుని, "ఎందుకు?" అని పలకంతా నిండేలా రాసి దేవి మొహం ముందు పెట్టింది.

"కోప్పడకండి పిన్నీ" అంది దేవి. "మా దగ్గర ల్యాబులో ఆ పిల్ల గోడలతో మాటాడుకోవాల. ఆ పిల్లకి జనం కావాల. గోవింద్ గారికి సెప్పినాను. ఒకసారి ఆ పిల్లతో మాటాడి సూడమన్నాను."

గోవింద్ శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి తరఫున వచ్చిన మేనేజరు. రోగుల వెంట వచ్చినవాళ్ళకి డాక్టర్లు చెప్పింది విడమరచి చెప్పే మనిషి కోసం వెతుకుతున్నాడు. డాక్టరు మాట తనకే అర్థం కాకపోతే మళ్ళీ అడగడానికి మొహమాటపడే మనిషి ఆ పనికి పనికిరాదు. ఆయన నీలవేణితో కాసేపు మాట్లాడి, అక్కడికక్కడే చేరమన్నాడు. నీలవేణి తల్లి అప్పలనరసమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. సంగతి చెబితే, "సూదులూ గట్రా పొడవక్కర్లేదు గదా? దానికి నెత్తురు సూత్తే కళ్ళు తిరుగుతాయి" అని అడిగి, లేదన్నాక కొంగు నోట్లో పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది.

ఆ ఒక్క రోజు మేడమీదనుంచి వెళ్ళినంతమంది అంతకుముందు ఏ ఏడాదీ వెళ్ళలేదు. సాయంత్రం కుర్చీలన్నీ ఎత్తేశాక, కుసుమకుమారి ఒక్కతే కిటికీ దగ్గర నిలబడింది. సంతోషంగానే ఉంది. సంతోషంతోపాటు కాస్త చిన్నతనంగా కూడా ఉంది. నేను లేకపోతే ఎలా అనుకున్నానే, నేను నోరు మూసుకుంటేనే ఇంత బాగా జరిగిందే అనిపించింది. ఆ చిన్నతనం రెండు రోజులు ఉంది. మూడోనాడు ఆవిడకే నవ్వొచ్చింది.

మిగిలిన మౌనం రోజుల్లో ఆవిడ వినడం నేర్చుకుంది. ఆదివారం ఫోన్లు మాత్రం మానలేదు. ఉమాశంకర్ ఫోను చేసి, "మీ మేడం వింటోందమ్మా, చెప్పు" అని స్పీకరు పెట్టేవాడు. పిల్లలు మొదట రెండు ముక్కలు చెప్పి ఆగేవాళ్ళు. అవతల ఎవరూ అందుకోకపోయేసరికి ఇంకాస్త చెప్పేవాళ్ళు. క్రేను నడిపే అమ్మాయి, అంతెత్తు నుంచి సముద్రం చూస్తుంటే ఒక్కోసారి ఇంటి మీద బెంగతో ఏడుపొస్తుందని చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే సందు తానివ్వలేదని కుసుమకుమారికి తెలిసింది.

గొంతు నయమయ్యాక, సంఘం సమావేశంలో ఆవిడ ఇకమీదట బిందు కార్యదర్శి అని ప్రకటించింది. బిందు కంగారుపడి, "మరి మీరు మేడం?" అంది.

"నాకేదైనా పని నువ్వే ఇయ్యి."

బిందు ఆలోచించి చెప్పింది. "తండ్రుల పని మీరు చూడండి. అది మాత్రం మా ఎవరి వల్లా కాదండి."

అలా కుసుమకుమారికి తండ్రుల శాఖ వచ్చింది. కూతుర్ని పంపననే తండ్రి ఏ ఊళ్ళో ఉన్నా అక్కడికి వెళ్ళడమే ఆవిడ పని. నూకయ్య వేటలేని రోజుల్లో తోడొస్తున్నాడు. ఆవిడ మాట్లాడుతుంటే వినీ వినీ ఎదుటి తండ్రి అలిసిపోయాక, నూకయ్య గొంతు సవరించుకుని, "నాను ఎల్లి సూసినాను. ట్యాంకు బాగా కడుగుతారు" అంటాడు. చాలామట్టుకు పని అక్కడితో అయిపోతుంది.

ఈమధ్య బిందు నెల్లిమర్లలో ఇంకో శాఖ తెరిచింది. రామతీర్థం వెళ్ళే దారిలో, టీ కొట్టు పైన ఒక గది. మొదటి రోజు కుసుమకుమారి కూడా వెళ్ళింది. ఒకే ఒక అమ్మాయి, తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. బిందు ఎదురుగా కూర్చుని, "నీ గురించి చెప్పమ్మా" అంది. పిల్ల చెప్పలేదు. బిందు ఎదురుచూస్తూ కూర్చుంది. తల్లి చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

కుసుమకుమారికి నాలుక దురద పెట్టింది. కుర్చీలో ఇటూ అటూ కదిలింది. చివరికి లేచి, "టీ చెప్పొస్తాను" అని మెట్లు దిగిపోయింది.

టీ కొట్టతను పాలు తిరగబోస్తున్నాడు. కొట్టు వెనకాల అరుగు మీద కూర్చుని ఒక పిల్ల లావుపాటి పుస్తకం చదువుకుంటోంది.

"మీ అమ్మాయేనా? ఏం చదువుతోంది?" అంది కుసుమకుమారి.

"డిగ్రీ అయిపోయినాదండి. ఇంక సాల్లే అన్నాను. ఏటి సేత్తాది సదివి?"

కుసుమకుమారి బల్ల లాక్కుని కూర్చుంది. పైన బిందు, ఆ తల్లీ కూతుళ్ళూ టీ కోసం చాలాసేపు ఎదురుచూశారు.